మండలం: గుండ్రటి మాట

గరివిడిలో కుల ధ్రువపత్రం కావాలన్నా, భూమి హద్దుల తగాదా తేలాలన్నా మండల ఆఫీసే ఆధారం. ఈ మాట ఊళ్ల పాలనలోకి వచ్చింది 1985లో. ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలు, ఫిర్కాలు, సమితులు తీసేసి మండలాలు ఏర్పరచింది. అంతకుముందు గరివిడి వారికి చీపురుపల్లే తాలూకా కేంద్రం.

తాలూకా, ఫిర్కా అరబ్బీ నుంచి వచ్చినవి. మండలం సంస్కృతం, అర్థం వలయం. సూర్యమండలంలో ఉన్నదీ, అయ్యప్ప భక్తుల 41 రోజుల మండల దీక్షలో ఉన్నదీ ఈ మాటే. కౌటిల్యుడు రాజు చుట్టూ ఉండే మిత్రుల, శత్రువుల రాజ్యాలను రాజమండలం అన్నాడు.

రష్యా పల్లెల్లో ఇలాంటి పాలనా విభాగాన్ని 'రయోన్' అంటారు. అది ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచిలో ఆ మాట అర్థాల్లో కిరణం, వ్యాసార్థం ఉన్నాయి. 1920లలో సోవియట్ ప్రభుత్వం పాత 'ఉయెజ్ద్‌'లను తీసేసి రయోన్లు పెట్టింది. ఒకచోట వలయం, మరోచోట వ్యాసార్థం: ఈ పోలిక ఎంతో ముచ్చటైనది.

మన దగ్గర పేరు మారినా పాతది పూర్తిగా పోలేదు. మండల రెవెన్యూ అధికారి మళ్లీ తహసీల్దారయ్యారు. ఇదీ అరబ్బీ మూలమే, వసూలు అనే అర్థంలోంచి పుట్టింది. జనం నోట మాత్రం ఇప్పటికీ ఆయన ఎమ్మార్వోనే. 2022లో చీపురుపల్లి రెవెన్యూ డివిజన్ ఏర్పడింది. గరివిడి మండలం అందులోనే ఉంది.