మదనపల్లె అంకెలు, పుంగనూరు ఆవు, కుప్పం సిద్ధాంతగ్రంథం: సర్కారు పరిశోధన అందరి చేతికీ వచ్చిన తోవ

ప్రభుత్వ ఖర్చుతో జరిగిన పరిశోధనను ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోగలగాలన్న నియమం మన దేశంలో కాగితం మీదికెక్కి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. అంతకుముందు ఉన్నదల్లా ప్రచురించాలన్న ఆనవాయితీ. 1911లో ఏర్పడిన ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ 1913లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌ను మొదలుపెట్టింది. సర్కారు నిధితో పనిచేసిన వైద్యులు తమకు తేలిన సంగతులు అందులో రాసేవారు. పత్రిక వైద్య కళాశాలల గ్రంథాలయాలకు చేరేది. అక్కడితో బాధ్యత తీరినట్టే. ఆ సంస్థే 1949లో ఐసీఎంఆర్‌గా పేరు మార్చుకుంది.

ఆ రోజుల పద్ధతి ఎలా ఉండేదో, దాని వల్ల ఏం మిగిలిందో, ఏం మిగల్లేదో చూడడానికి మదనపల్లె మంచి ఉదాహరణ. పట్టణానికి దగ్గర్లోని ఆరోగ్యవరంలో మిషన్ సంఘాలు కలిసి కట్టిన క్షయ శానటోరియం 1915లో తెరుచుకుంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని మొదటి సూపరింటెండెంటు. తర్వాతి కాలంలో ఆయన కొడుకు యోహనెస్ ఆ బాధ్యత తీసుకున్నారు. 1948లో మన దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జనానికి ట్యూబర్‌క్యులిన్ పరీక్షలు, ఎక్స్‌రేలు చేసి, ఏళ్ళ తరబడి వాళ్ళ ఆరోగ్యాన్ని గమనించారు. 1950-55 నాటి సర్వే ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చాయి. టీకా ఎంతవరకు కాపాడిందన్న నివేదిక 1964లో అదే బులెటిన్‌లో వచ్చింది. ఈలోగా 1955లో రాజాజీ బీసీజీని బాహాటంగా వ్యతిరేకించి పెద్ద దుమారమే లేపారు. దేశమంతా వాదులాడుకుంటున్న ప్రశ్నకు జవాబు వెతికే పని మదనపల్లె పల్లెల్లో ఏ సందడీ లేకుండా సాగిపోయింది.

ఈ వరసలో నాలుగో నివేదిక 1973లో వెలువడింది. దాని సారం నాలుగు అంకెల్లో ఇమిడిపోతుంది. టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది. వేయని 5,808 మందిలో 47 మందికి వచ్చింది. అంటే వెయ్యికి ఒకవైపు ఆరున్నర, మరోవైపు ఎనిమిది. టీకా వల్ల ముప్పు ఐదోవంతు తగ్గినట్టు కనిపిస్తుంది గాని, ఇంత తక్కువ కేసుల్లో ఆ మాత్రం తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు. కనుక దీన్ని టీకా గెలుపుగానో ఓటమిగానో చెప్పడానికి లేదు.

1994లో అమెరికా వైద్య సంఘం పత్రికలో, బీసీజీ మీద అంతదాకా అచ్చయిన ప్రయోగాలను ఒకచోట చేర్చి లెక్కగట్టిన వ్యాసం వచ్చింది. అందులో మదనపల్లె అంకెలూ ఉన్నాయి. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ టీకా బాగా పనిచేసినట్టు కనిపించడం ఆ వ్యాసంలో ఆసక్తి రేపిన అంశం. అందులోని పదమూడు ప్రయోగాల పట్టిక ఇప్పుడు ఆర్ అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌లోని మెటాఫర్ ప్యాకేజీ వాడేవాళ్ళకు నమూనాగా దొరుకుతుంది. అందులో ఐదో వరస మదనపల్లెది. ఫ్రిమోట్ మోలర్ పేరు, 1973, 33, 5036, 47, 5761, అక్షాంశం 13, ఎవరికి టీకా వేయాలో లాటరీతో కాక వంతులవారీగా నిర్ణయించారన్న సూచన. ప్రపంచంలో ఎక్కడెక్కడి గణాంక విద్యార్థులో మదనపల్లె పేరు వినకుండానే ఈ అంకెల మీద లెక్కలు నేర్చుకుంటున్నారు.

అయితే మిగిలినవి మొత్తాలే. ఆ 33 మంది వయసెంత, ఏ పల్లెవాళ్ళు, ట్యూబర్‌క్యులిన్ పరీక్షలో ఏం తేలింది అన్నది ఆ వరస చెప్పదు. పత్రాన్ని పంచుకోవడం ఒకటి, దాని కింద ఉన్న డేటాను పంచుకోవడం మరొకటి అనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. ప్రభుత్వ విధానాలు మొదటిదాన్ని ముందు పట్టుకున్నాయి. రెండోదాని దగ్గర ఇప్పటికీ తడబడుతున్నాయి.

రెండోది కుదరని పనేమీ కాదని తెలంగాణలోని ఒక ఊరు చూపింది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ 1975లో మెట్ట ప్రాంతాల్లో పల్లె అధ్యయనాలు మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె వాటిలో ఒకటి. ఊరికి 40 కుటుంబాలను ఎంచుకున్నారు. వాటిలో 30 సేద్యగాళ్ళవి, 10 కూలీలవి. ఊళ్ళోనే కాపురమున్న పరిశోధకులు మూడు నాలుగు వారాలకోసారి ఆ ఇళ్ళకు వెళ్ళి పంట, కూలి, అప్పు, తిండి ఖర్చు రాసుకునేవారు. పదేళ్ళు అలా రాసిన ఇంటింటి లెక్కలను బయటి పరిశోధకులకూ ఇచ్చారు. అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ ఔరేపల్లెతో పాటు మహారాష్ట్రలోని షిరాపూర్, కంజారా లెక్కలు తీసుకుని, వానలు మొహం చాటేసిన ఏడు పల్లెజనం ఒకరినొకరు ఎంతవరకు ఆదుకుంటారో 1994లో ఎకనోమెట్రికా పత్రికలో విశ్లేషించాడు.  ఇక్రిశాట్ అంతర్జాతీయ సంస్థ. భారత ప్రభుత్వ నియమాలతో సంబంధం లేకుండానే 2009లో తన శాస్త్రవేత్తల పత్రాలను అందరికీ తెరిచి ఉంచాలని నిబంధన పెట్టుకుంది.

ప్రపంచంలో ఈ ఆలోచన ఉద్యమంగా మారడానికి ఊతం ఇంటర్నెట్టే అయినా, అసలు నిప్పు రాజేసింది పత్రికల చందాలే. పరిశోధనకు సర్కారు డబ్బిస్తుంది, పత్రాన్ని శాస్త్రవేత్త ఊరికే రాసిస్తాడు, తోటి శాస్త్రవేత్తలు ఊరికే పరిశీలిస్తారు, చివరికి అదే సర్కారు గ్రంథాలయం దాన్ని కొనుక్కోవాలి. ఈ విడ్డూరం మీద 2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ ప్రకటన, 2003లో బెథెస్డా, బెర్లిన్ ప్రకటనలు వచ్చాయి. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో జరిగిన పరిశోధన పత్రం ఏడాదిలోగా ఉచితంగా దొరకాలన్న చట్టం 2008లో అమలుకు వచ్చింది. మన దగ్గర 2009లో సీఎస్ఐఆర్ తన ప్రయోగశాలలకు ఇలాంటి సూచనే చేసింది.

అదే ఏడు యూజీసీ తెచ్చిన ఎంఫిల్, పీహెచ్‌డీ నిబంధనలకు అంత ప్రచారం రాలేదు గాని, ఆచరణలో వాటి దెబ్బే గట్టిది. సిద్ధాంతగ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని డిగ్రీ ఇచ్చాక విశ్వవిద్యాలయం యూజీసీకి పంపాలన్నది అప్పటి నియమం. దాన్ని గాంధీనగర్‌లోని గ్రంథాలయ నెట్‌వర్క్ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ అందరికీ అందుబాటులో ఉంచాలి. ఇందుకు ఏర్పడిన భాండాగారమే శోధగంగ. మూడు రాష్ట్రాల పొలిమేరలో 1997లో వెలసిన కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికీ ఇవే నిబంధనలు వర్తించాయి. ద్రావిడ భాషల మీద, జానపద విజ్ఞానం మీద పనిచేసేవాళ్ళకు ఇది చిన్న మార్పు కాదు. అంతకుముందు ఒక సిద్ధాంతగ్రంథం చూడాలంటే రైలెక్కి వెళ్ళి గ్రంథాలయంలో కూర్చుని రాసుకోవలసిందే.

శోధగంగలో సిద్ధాంతగ్రంథం సాధారణంగా ముక్కలుగా ఉంటుంది. ముఖపత్రం ఒక పీడీఎఫ్, ధ్రువపత్రం ఒకటి, ఒక్కో అధ్యాయం ఒక్కోటి. తెలుగు గ్రంథాలకు ఇంకో చిక్కు కూడా ఉంది. అను వంటి పాత ఫాంట్లతో కూర్చిన పుట కంటికి చక్కగానే కనిపిస్తుంది. యూనికోడ్ కాదు కనుక అందులో మాట వెతికితే దొరకదు. గ్రంథం తెరిచే ఉంది, లోపల ఏముందో మాత్రం యంత్రానికి తెలియదు. నిబంధన రాసినవాళ్ళు ఫాంటు సంగతి పట్టించుకోలేదు. అయినా ఈ నియమం నిలదొక్కుకుంది. అప్పగించే బాధ్యత వ్యక్తి ఇష్టానికి వదలకుండా విశ్వవిద్యాలయం మీద పెట్టడం, గ్రంథాలు ఉంచడానికి ఒక స్థలం సిద్ధంగా ఉండడం అందుకు కారణాలు.

పశువైద్య, వ్యవసాయ రంగాల్లో ఈ పని ఐసీఏఆర్ చేసింది. 2013 సెప్టెంబరు నాటి దాని విధానం ప్రకారం ప్రతి సంస్థా పత్రాలను భాండాగారంలో ఉంచాలి. ప్రచురణకర్త పట్టుబట్టినా పన్నెండు నెలలకు మించి దాచరాదు. వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాల సిద్ధాంతగ్రంథాలు కృషికోశ్ అనే భాండాగారంలో చేరుతున్నాయి. పుంగనూరు ఆవు విషయంలో దీని విలువ తెలుస్తుంది. ఈ పొట్టి జాతిని పలమనేరు పశు పరిశోధనా స్థానంలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాపాడుతోంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ దీన్ని గుర్తింపు పొందిన జాతుల్లో చేర్చి లక్షణాలను అందరికీ అందుబాటులో ఉంచింది. 2024 సంక్రాంతికి ప్రధాని ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక దీని పేరు దేశమంతా పాకింది. పొట్టిగా ఉన్న ప్రతి ఆవూ పుంగనూరు కాదు. కొనేవాడు మాట మీద ఆధారపడకుండా తేల్చుకోవాలంటే కొలతలు రాసిన కాగితం బయట ఉండాలి. ప్రజాధనంతో చేసిన పరిశోధన ఇక్కడ నేరుగా సంతలో అక్కరకొస్తుంది.

డేటా విషయానికొస్తే, 2012 మార్చిలో కేంద్రం జాతీయ డేటా పంపక, అందుబాటు విధానాన్ని ప్రకటించింది. కేంద్ర శాఖలు తమ దగ్గరున్న లెక్కల్లో కనీసం ఐదు విలువైనవాటిని మూడు నెలల్లో బయటపెట్టాలి. ఇవ్వకూడనివాటికి జాబితా వేసుకోవాలి. డేటా డాట్ గవ్ డాట్ ఇన్ అలా పుట్టింది. తెలంగాణ 2016లో సొంత విధానం తెచ్చుకుంది. పరిశోధకుల సొరుగుల్లో ఉన్నది మాత్రం ఈ విధానాల కిందికి పెద్దగా రాలేదు. జీవశాస్త్రంలో 2021 నాటి బయోటెక్ ప్రైడ్ మార్గదర్శకాలు ఆ లోటు కొంత తీర్చాయి. జన్యుక్రమాల వంటివాటిని ఫరీదాబాద్‌లోని భారతీయ జీవ డేటా కేంద్రంలో ఉంచే ఏర్పాటు జరిగింది. మనుషుల ఆరోగ్య వివరాలకు 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అడ్డొస్తుంది. పరిశోధనకు అందులో మినహాయింపు ఉన్నా, షరతులకు లోబడే.

పత్రాల వైపు, 2014 డిసెంబరులో కేంద్ర బయోటెక్నాలజీ, శాస్త్ర సాంకేతిక శాఖలు ఉమ్మడి విధానం ప్రకటించాయి. పత్రం ఆమోదం పొందిన రెండు వారాల్లో రచయిత తుది రాతప్రతిని భాండాగారంలో పెట్టాలి. 2012-13 నుంచి తీసుకున్న నిధులన్నిటికీ ఇది వర్తిస్తుంది. మాటలు బాగానే ఉన్నాయి గాని, శోధగంగకున్న పట్టు దీనికి లేదు. పెట్టనివాణ్ణి నిలదీసే యంత్రాంగం బలంగా లేక, పాటించడం చాలావరకు శాస్త్రవేత్త మనసు మీదే ఆధారపడింది. 2019లో, సర్కారు నిధులతో వచ్చిన పత్రాలు వెంటనే ఉచితంగా దొరకాలనే ఐరోపా దేశాల ప్లాన్ ఎస్‌లో చేరతామని చెప్పిన భారత్ అదే ఏడాది వెనక్కి తగ్గింది.

ఆ తర్వాత ఆలోచన దిశే మారింది. అమెరికా 2022లో, ప్రభుత్వ నిధులతో వచ్చిన పత్రాన్ని ఒక్కరోజు కూడా దాచకుండా విడుదల చేయాలని తన సంస్థలను ఆదేశించింది. భారత్ మాత్రం చదివే హక్కును టోకున కొంది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఒకే దేశం, ఒకే చందా పథకానికి 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లోని దాదాపు 1.8 కోట్ల మందికి ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా అందుతాయి. కుప్పం విశ్వవిద్యాలయం వంటి ప్రభుత్వ సంస్థలకు ఇది ఊహించని వరం. ఢిల్లీలోని ఐఐటీకి దొరికే పత్రికే ఇక్కడా దొరుకుతుంది. కాని ఇది తాళం తీయడం కాదు, తాళంచెవులు కొని పంచడం. పుంగనూరులో సొంతంగా పశువైద్యం చేసుకునేవారికి, మదనపల్లెలో ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడికి ఇందులో వాటా లేదు. ప్రైవేటు కళాశాలల సంగతి తర్వాతి దశలో చూడాలన్నది ప్రభుత్వ ఉద్దేశం.