భయం దాటిన కలం: జాషువా నుంచి స్టూవర్టుపురం దాకా

మన పిల్లల్లో రాయగలిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. రాసినదాన్ని నలుగురి ముందు పెట్టేవాళ్ళు మాత్రం తక్కువ. మన తెలుగు సరైన తెలుగేనా, మన యాస చూసి నవ్వరా, మన సంగతులు ఎవరికి కావాలి అనే ప్రశ్నలు నోటుపుస్తకాన్ని తెరవనివ్వవు. ఈ భయం మనకు పుట్టుకతో వచ్చింది కాదు, చరిత్ర పెట్టింది. దాన్ని చరిత్రలోనే దాటినవాళ్ళూ ఉన్నారు. వారిలో గుఱ్ఱం జాషువా ఒకరు. ఆయన గిరిజనుడు కాదు. అయినా ఆయన కథ మన ప్రాంతపు కథ. అమృతలూరు, రేపల్లె, బాపట్ల మొన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లాలోవే. జాషువా పుట్టిందీ, ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిందీ, కన్నుమూసిందీ ఆ నేల మీదే.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండ ప్రాంతంలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమాంబ మాదిగ కులస్థురాలు. ఇద్దరూ క్రైస్తవులు. ఆ రోజుల్లో అటువంటి ఇంటి పిల్లవాడికి అక్షరం అందడమే గొప్ప. గుంటూరుకు 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ వచ్చిన తర్వాత ఈ జిల్లాలో మిషన్ బడులు మొదలయ్యాయి. ఊరి బడి గడప దాటనివ్వని పిల్లలకు ఆ బడుల్లో పలక దొరికింది. వీటి గురించి మనం ఎన్ని విమర్శలైనా చేయవచ్చు. కానీ అంటరానివాడి కొడుకు కూడా దేవుని పోలికలోనే పుట్టాడని, వాడికీ చదివే హక్కుందని ఆ విశ్వాసం చెప్పింది. తలెత్తి చూడని మనిషికి ఆ ఒక్క మాట చాలా పెద్ద బలం.

అయితే పలక దొరికినంత మాత్రాన కవి కాలేరు. జాషువా పద్యకవి కావాలనుకున్నారు. ఆనాటికి పద్యం ఎవరి సొత్తో అందరికీ తెలుసు. ఛందస్సు, సంస్కృతం, కావ్యాలు అగ్రహారాల్లో తరతరాలుగా చెప్పుకునే చదువు. జాషువా ఆ గోడను చూసి వెనక్కి తిరగలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద కాళిదాసు కావ్యాలు చదువుకున్నారు. ఆయనలో కవిత్వంపై మక్కువ పెరగడానికి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాంగత్యమూ తోడైంది. ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసినది ఒకటుంది. తనమీద తనకు నమ్మకం కలగడానికి విశ్వాసం ఎంత అవసరమో, చెప్పే గురువూ చదివి వినిపించుకునే స్నేహితుడూ అంతే అవసరం.

వినుకొండలో ఒక అవధాన సభ జరిగింది. జాషువా అందులో తన పద్యాలు చదివారు. తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అక్కడే గొడవ చేశారు. పద్యంలో తప్పు పట్టి ఉంటే దిద్దుకోవచ్చు. పుట్టుకలో తప్పు పట్టినప్పుడు దిద్దుకోవడానికి ఏముంటుంది? మనలో ఎందరో ఇలాంటి చోటే కలం పక్కన పెట్టేస్తారు.

దెబ్బ రెండో వైపు నుంచి కూడా వచ్చింది. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాలు, కావ్యాలు చదువుతున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయన్ని సంఘం నుంచి వెలివేశారు. అక్షరం ఇచ్చిన చెయ్యే ఏ అక్షరం చదవాలో కూడా తానే చెప్పబోయింది. సభ కులం పేరుతో పొమ్మంది, సంఘం మతం పేరుతో పొమ్మంది. అయినా జాషువా రాయడం మానలేదు. బతుకుతెరువు కోసం రాజమండ్రిలో మూకీ సినిమాల ముందు నిలబడి, తెర మీద బొమ్మలకు కథా సంభాషణలూ చదివారు. గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పనిచేశారు. ఆ తర్వాత తెలుగు పండితుడిగా కొనసాగారు. రాత్రి దీపం దగ్గర పద్యం మాత్రం సాగుతూనే ఉంది.

1932లో 'ఫిరదౌసి' వచ్చింది. బంగారు నాణేలు ఇస్తానన్న రాజు వెండి నాణేలు పంపితే, మోసపోయిన కవి కథ అది. 1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో సందేశం పంపాడు. జాషువా కథానాయకుడు చెప్పులు కుట్టే పేదవాడు. అతనికి దొరికిన దూత గబ్బిలం. గుడిలోకి తనను రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అందుకే తన గోడు శివుడి చెవిన వేయమని కాశీకి దాన్ని పంపిస్తాడు. ఏ కావ్యాలు చదివినందుకు వెలివేశారో ఆ కావ్యాల చదువే ఆయన చేతిలో ఆయుధమైంది. ఏ పుట్టుకను చూసి సభ నవ్విందో ఆ పుట్టుకే కావ్యానికి వస్తువైంది.

తర్వాత 1958లో ఆయన 'క్రీస్తు చరిత్ర' రాశారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. తనను వెలివేసిన సంఘం మీద కోపంతో క్రీస్తును వదులుకోలేదు. అవమానించిన పండితుల మీద కోపంతో పద్యాన్నీ వదులుకోలేదు. పశువుల పాకలో పుట్టి, చేపలు పట్టేవాళ్ళతో తిరిగి, పెద్దల చేత శిక్ష పడ్డ ఒక మనిషి కథను నిండైన తెలుగు పద్యంలో నిలబెట్టారు. ఆ పుస్తకానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అంతటి మహాపండితుడు తన చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న ఆయన గుంటూరులో కన్నుమూశారు.

ఇక మన వైపు చూద్దాం. బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం ఉంది. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఊరూరికీ చేరవేసేవారు. బుట్టలు అల్లేవారు, సోది చెప్పేవారు. రైళ్ళు వచ్చాక, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగాక ఆ వ్యాపారం దెబ్బతింది. బతుకు చెదిరినవాళ్ళకు ప్రభుత్వం పెట్టిన పేరు నేరస్థ తెగ. 1871లో ఉత్తర భారతంలో మొదలైన ఆ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. వేలిముద్రలు, హాజరు పిలుపులు, ఊరు దాటడానికి పాసులు. 1913 ప్రాంతంలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. అక్కడ బడీ ఉంది, ప్రార్థనా ఉంది, హాజరు పట్టీ కూడా ఉంది. ఒకే చేతిలో దీపమూ తాళంచెవీ. 1952లో ఆ చట్టం రద్దయింది గాని, ముద్ర పోలేదు.

ఒక్కసారి ఆలోచించండి. మన తాతల పేర్లు కాగితం మీద మొదట రాసింది ఎవరు? మనం కాదు, పోలీసు రిజిస్టరు. మనవాళ్ళకు కాగితం అంటే, రాత అంటే భయం ఉండడంలో ఆశ్చర్యం ఏముంది? మన పిల్లవాడు కలం పట్టినప్పుడు చేయి వణికితే అది వాడి పిరికితనం కాదు, ఆ రిజిస్టరు నీడ.

1970లలో ఈ స్టూవర్టుపురానికి మార్పు పని మీద వచ్చినవారిలో హేమలతా లవణం ఒకరు. ఆమె జాషువా కూతురే. ఆమె అడుగుపెట్టింది నాస్తికుడు గోరా ఇంటి కోడలిగా. తండ్రి క్రీస్తు కథ రాశారు, కూతురు దేవుడి ప్రస్తావన లేకుండానే నేరస్థులన్నవాళ్ళ గుమ్మాల్లోకి వెళ్ళింది. దారులు వేరైనా, మనిషి మీద కొట్టిన ముద్ర అబద్ధమని ఇద్దరూ నమ్మారు.

కాబట్టి విశ్వాసం మనకు ఏమిచ్చిందో, ఏమివ్వలేదో తేటగా తెలుసుకోవాలి. బైబిలులో మోషే తాను నోటి మాంద్యం గలవాడినని, మాట్లాడలేనని వెనక్కి తగ్గుతాడు. ఆ మాంద్యం పోగొట్టి పంపలేదు దేవుడు. అన్న అహరోనును తోడిచ్చి, ఆ నోటితోనే రాజు ముందుకు పంపాడు. చర్చిలో ఈ కథ విన్న మన పిల్లలు దాన్ని తమ కథగా తీసుకోవచ్చు. భయం పూర్తిగా పోయాక రాద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు. వణికే చేతితోనే రాయాలి, పక్కన ఒక తోడు ఉండాలి. అదే సమయంలో ఏ సంఘమైనా, ఏ సంస్థ అయినా ఇది చదవకు, అది రాయకు అంటే జాషువాను గుర్తు చేసుకోవాలి.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఎరుకల పిల్లవాడిని వాళ్ళ నాయనమ్మ మాట్లాడే కుర్రు భాషలోని పది మాటలు తెలుగు లిపిలో రాసుకురమ్మనండి. యానాది పిల్లను చేపల పేర్లు, కాలువల పేర్లు రాయమనండి. రాసినదాన్ని తరగతిలో వాళ్ళనే చదవనివ్వండి. అక్షరదోషాలు తర్వాత దిద్దవచ్చు. ముందు పేరు కింద సంతకం పడాలి. రిజిస్టరులో ఇతరులు రాసిన పేరుకు జవాబు, పుస్తకం మీద మనం రాసుకునే పేరే.