చౌక పెట్రోలు గెలిపించిన యంత్రం

పాత అమెరికన్ కార్లను మళ్లీ రోడ్డెక్కించేవాళ్లు టార్క్ కన్వర్టర్‌ను కాస్త గర్వంగా చూస్తారు. క్లచ్ పెడల్ బాధ తప్పించిన గొప్ప ఆవిష్కరణ అని దానికి పేరు. ఆవిష్కరణ గొప్పదే, సందేహం లేదు. కానీ కార్లలో అది గెలిచింది మాత్రం పనితనంలో మిన్న అయినందుకు కాదని నా వాదన. ఇంధనం వృథా అయినా ఎవరూ పట్టించుకోని కాలంలో బజారులోకి వచ్చింది కాబట్టి గెలిచింది. దాని పుట్టుకే ఇందుకు మొదటి సాక్ష్యం. 1905లో జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫెటింగర్ పేటెంటు తీసుకున్నది కారు కోసం కాదు, ఓడ కోసం. ఆవిరి టర్బైన్ అతి వేగంగా తిరుగుతుంది, ఓడ ప్రొపెల్లర్ నిదానంగా తిరగాలి. ఈ రెంటినీ కలపడానికి ఆయన ద్రవాన్ని మధ్యవర్తిగా పెట్టాడు. ఇంజన్ తిప్పే పంపు ద్రవాన్ని టర్బైన్ రెక్కల మీదికి విసురుతుంది. అక్కడి నుంచి తిరిగొచ్చే ద్రవం దిశను మధ్యలోని స్టేటర్ మళ్లిస్తుంది. ఆ మళ్లింపు వల్లే వేగం తగ్గి తిప్పుడు బలం పెరుగుతుంది. ఇంత చక్కని ఏర్పాటును ఓడలవాళ్లే చివరికి పక్కన పెట్టారు. ఇంజనీరు పార్సన్స్ 1909-10 ప్రాంతంలో వెస్పేసియన్ అనే సరకుల ఓడలో పళ్లచక్రాలతో అదే పని చేసి చూపించాడు. పళ్లచక్రాల్లో పోయే శక్తి చాలా తక్కువ. బొగ్గు లెక్క చూసుకునేవాడికి ఆ తేడా చాలు.

కార్ల సంగతికొస్తే, హైడ్రామాటిక్ మాటేమిటని అడగవచ్చు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో తెచ్చిన ఆ గేరుబాక్సులో ఉన్నది టార్క్ కన్వర్టర్ కాదు, ఫ్లూయిడ్ కప్లింగ్. స్టేటర్ లేదు కాబట్టి అది తిప్పుడు బలాన్ని పెంచలేదు, అందించగలదంతే. ఆ లోటు తీర్చడానికి నాలుగు గేర్లు పెట్టారు. శక్తి వినియోగంలో అది పొదుపరి, గేరు మారినప్పుడు మాత్రం కుదుపు తెలిసేది. దానికి భిన్నంగా బ్యూక్ 1948లో రోడ్‌మాస్టర్‌కు డైనాఫ్లో తెచ్చింది. యుద్ధకాలంలో బ్యూక్ తయారుచేసిన ఎం18 హెల్‌క్యాట్ అనే సైనిక వాహనం కూడా టార్క్ కన్వర్టర్‌తోనే నడిచేది. డ్రైవ్‌లో పెట్టాక డైనాఫ్లో గేర్లు మార్చనే మార్చదు. బయల్దేరేటప్పుడు బలాన్ని సుమారు 2.25 రెట్లు పెంచే పని కన్వర్టర్‌దే. కుదుపు లేదు, చురుకూ లేదు. ఇంజన్ మోత ముందు వినిపిస్తుంది, కారు తర్వాత కదులుతుంది. ఎకసెక్కంగా పేర్లు పెట్టినవాళ్లున్నా కొనేవాళ్లు తగ్గలేదు. గ్యాలన్ పెట్రోలు 30 సెంట్ల లోపు దొరికే దేశంలో కొంత నూనెలో వేడిగా పోతే ఎవరికి నొప్పి?

పొదుపు మార్గం అప్పటికి తెలియదు కదా అనే ఆక్షేపణ నిలవదు. ప్యాకార్డ్ 1949లోనే తన అల్ట్రామాటిక్ గేరుబాక్సులో లాకప్ క్లచ్ పెట్టింది. కారు వేగం అందుకున్నాక పంపునూ టర్బైన్‌నూ అది నేరుగా కలిపేస్తుంది, జారుడు ఉండదు. స్టూడ్‌బేకర్ కూడా మరుసటి ఏడాది అదే దారి పట్టింది. తర్వాత ఇద్దరూ పోయారు, ఆ క్లచ్చూ పోయింది. మళ్లీ క్రైస్లర్ దాన్ని తన టార్క్‌ఫ్లైట్ గేరుబాక్సులో పెట్టింది 1978లో, అంటే 1973 చమురు సంక్షోభం తర్వాత. చేతిలో ఉన్న ఉపాయాన్ని అమెరికన్ పరిశ్రమ ఇరవై ఏళ్లకు పైగా అటక మీద పెట్టింది. ఇంధనం ఖరీదయ్యాక కూడా కన్వర్టర్ బతికింది కదా అంటారా? బతికింది నిజమే, తన జారుడును తానే మానుకుని బతికింది. అంతకు ముందే జనరల్ మోటార్స్ 1964లో తెచ్చిన టర్బో హైడ్రామాటిక్ కూడా ఒక రాజీయే: కన్వర్టర్ మెత్తదనం, దాని వెనక తమంతట తామే మారే మూడు గేర్లు.

కన్వర్టర్ బిగించేవాడికి ఈ చరిత్ర అక్కరకొస్తుంది. డైనాఫ్లోను దించాలంటే బ్యూక్ టార్క్ ట్యూబ్ (గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్ దాకా బిగించిన గొట్టం) వల్ల వెనక యాక్సిల్‌నూ కదిలించాలి. అంత శ్రమెందుకని దాని బదులు తర్వాతి కాలపు గేరుబాక్సు పెట్టేవాళ్లున్నారు. కారు బాగా నడుస్తుంది, కానీ అది ఇక 1948 నాటి కారు కాదు. టర్బో హైడ్రామాటిక్ వంటి వాటిలో చిక్కు వేరు. కన్వర్టర్ మెడ మీది గాళ్లే నూనె పంపును తిప్పాలి. టర్బైన్ పళ్లు, స్టేటర్ పళ్లు, పంపు గాళ్లు మూడూ కూర్చునేదాకా కన్వర్టర్‌ను తిప్పుతూ లోపలికి నెట్టాలి. గేరుబాక్సును ఇంజన్‌కు ఆనించాక కన్వర్టర్‌కూ దాన్ని బిగించే ఇంజన్ వైపు పలక ఫ్లెక్స్‌ప్లేట్‌కూ మధ్య సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. ఖాళీ లేకపోతే బోల్టులతో లాగి సరిపెట్టకండి, దించి మళ్లీ కూర్చోబెట్టండి. లాగి బిగిస్తే మొదట పగిలేది నూనె పంపే.