హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ ఛాయాచిత్రాలు

ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ (1909–1995) 1940వ దశకంలో నిజాం ఏలుబడిలోని ఆదిలాబాద్ జిల్లా గోండు గూడేలలో తీసిన నలుపు-తెలుపు ఛాయాచిత్రాలు ఉత్తర తెలంగాణ ఆదివాసీ చరిత్రకు విలువైన దృశ్య ఆధారాలు.

1938 మార్చిలో నాజీ జర్మనీ ఆస్ట్రియాను తనలో కలుపుకోవడంతో, వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ జర్మన్ పాస్‌పోర్టుదారుడయ్యాడు. మరుసటి సంవత్సరం ప్రపంచయుద్ధం మొదలైన వేళ భార్య బెట్టీ ఎలిజబెత్‌తో భారతదేశానికి వచ్చిన ఆయనను బ్రిటిష్ ప్రభుత్వం ‘శత్రుదేశీయుడు’గా, అంటే ఎదుటి పక్షపు రాజ్యానికి చెందిన పౌరుడిగా పరిగణించి, హైదరాబాద్ సంస్థానం ఎల్లలు దాటకుండా కట్టడి చేసింది. ఆ కట్టడే ఆయనను మొదట చెంచుల వద్దకు, తరువాత కొండరెడ్ల వద్దకు, చివరకు రాజగోండుల వద్దకు నడిపించింది.

1940లో జోడేఘాట్ వద్ద గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం పోలీసు కాల్పుల్లో అమరుడైన తరువాత, గోండుల ఆగ్రహానికి మూలమేమిటో తెలుసుకొనే పనిని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. అడవి చట్టాలూ, బయటి నుంచి వచ్చిన భూస్వాములూ కలిసి వారిని సాగుభూములకు దూరం చేయడమే అందుకు కారణమని ఆయన నివేదికలు తేల్చాయి. నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయిలో ఆ దంపతులు కాపురముండి గోండుల మధ్య జీవించారు కనుకనే ఈ చిత్రాలకు దారినపోయేవాడు తీసిన ఫొటోలకు లేని దగ్గరితనం అబ్బింది. నెమలి పింఛాల టోపీలు ధరించిన దండారీ నర్తకులు, గోండుల వంశగాథలను తరతరాలుగా గానం చేసే పర్ధానులు, పెర్సాపేన్ అనే కులదైవానికి జరిపే కొలుపులు, వీటితోపాటు ఏ పండుగా లేని మామూలు రోజున ఇంటి ముందు కూర్చున్న మనుషులూ ఈ చిత్రాల్లో కనిపిస్తారు. ఆ మామూలు రోజుల చిత్రాలే నేటి పరిశోధకుడికి ఎక్కువ విలువైనవని చెప్పాలి.

అదే కాలంలో జర్మనీలో పత్రికా ఛాయాచిత్రం పూర్తిగా ప్రభుత్వ అధీనంలో ఉండేది. 1933 అక్టోబరు 4న వెలువడిన సంపాదకుల చట్టం, పత్రికలకు పనిచేసేవారు అధికారిక జాబితాలో పేరు నమోదు చేసుకోవాలని శాసించి, యూదులను ఆ వృత్తి నుంచి వెళ్ళగొట్టింది. హిట్లర్ ఆంతరంగిక ఛాయాగ్రాహకుడు హైన్రిష్ హాఫ్‌మన్ తీసిన చిత్రాలు నాయకుడిని ఘనంగా చూపడానికే పత్రికలకెక్కేవి. ఆ రాజ్యపు పాస్‌పోర్టు మోసిన మనిషి తీసిన ఆదిలాబాద్ చిత్రాల్లో నాయకుడు లేడు, గూడెం ఉంది. అయినా ఒక జాగ్రత్త అవసరం: హైమన్‌డార్ఫ్ 1945లో నిజాం ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారయ్యాడు కనుక, కెమెరా ముందు నిలబడిన గోండుకు ఆయన స్నేహితుడే కాక సర్కారు మనిషి కూడా. ఆ చూపుల్లోని బిగువును చదివేటప్పుడు ఈ సంగతి మరువరాదు.

1948లో వెలువడిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథంలో కొన్ని చిత్రాలు అచ్చయ్యాయి. హైమన్‌డార్ఫ్ ఛాయాచిత్ర భాండాగారం ఆయన ఆచార్యుడిగా పనిచేసిన లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో భద్రంగా ఉంది. 1987లో మరణించిన బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది. హైమన్‌డార్ఫ్ అస్థికలను కూడా తరువాత అక్కడికే తెచ్చి ఆమె పక్కన ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఆ దంపతులకు నివాళులర్పిస్తారు.