పోరంబోకు అనే మాట, ఎన్నూరు పాట, మనం తీసే వీడియో

పోరంబోకు అని ఒక్కసారైనా తిట్టించుకోకుండా మన గ్రూపులో ఎవరూ పెద్దైనట్టు లేదు. పోయిన వారం అవ్వల పాటకు వీడియో తీద్దామని కూర్చుంటే గొడవంతా ఈ మాట చుట్టూనే తిరిగింది. అందుకే ఈ పోస్టు, కొంచెం పెద్దదే.

తమిళంలో ‘పుఱం’ అంటే బయట. మద్రాసు ప్రెసిడెన్సీ రైత్వారీ లెక్కల్లో శిస్తు కట్టే భూమికి పట్టా ఉండేది. చెరువు, వాగు, దోవ, శ్మశానం లాంటి శిస్తు రాని భూమిని పోరంబోకు అని రాసుకున్నారు. ఎవరికీ పనికిరాదని కాదు, అందరిదీ అని దాని అర్థం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికే ఈ లెక్క స్థిరపడిపోయింది. చేపలు, ఎలుకలు, తేనె పట్టుకోని బతికిన యానాదులకు, ఇరుళ్ళకు పట్టా ఎట్లుంటుంది? చెరువు కట్టల కింద, వాగు గట్లనే మిగిలిపోయినారు. భూమికి పెట్టిన పేరు మెల్లగా మనిషికి అంటుకుంది. మనకేమో ఇక్కడ ఏజెన్సీ లేదు, 1/70 చట్టం మన జిల్లాల్లో వర్తించదు.

ఈ మాటనే తలెత్తుకోని పాడిన వీడియో ఒకటి ఉంది. ‘చెన్నై పోరంబోకు పాడల్’ 2017 జనవరిలో యూట్యూబులో వచ్చింది. రాసింది కబేర్ వాసుకి, సినిమాలకు బయట సొంతంగా పాటలు కట్టుకునే మనిషి. బాణీ ఆర్.కె. శ్రీరామ్‌కుమార్‌ది, దర్శకుడు రతీంద్రన్ ప్రసాద్, పాడింది టి.ఎం. కృష్ణ. ఆనందభైరవి, బేగడ లాంటి రాగాల్లో చెన్నై వీధి తమిళం! అది వినే చాలామంది ఉలిక్కిపడినారు. సెట్టు లేదు, డాన్సర్లు లేరు. పాటగాడు ముఖానికి మాస్కు కట్టుకోని ఎన్నూరులో థర్మల్ బూడిద మధ్య నిలబడినాడు. చూపించాల్సిందంతా అక్కడే ఉంది కదా, సెట్టుకు డబ్బెందుకు? తక్కువ ఖర్చులో వీడియో తీయాలనుకునే మనం నేర్చుకోవాల్సింది ఇదే. లైట్లు అద్దెకు తెచ్చేదానికన్నా పొద్దున్నే ఆరు గంటలకు సరైన చోటికి పోవడం మేలు.

ఎన్నూరు మనకు దూరమేమీ కాదు. మన నగరి కొండల నీళ్ళు పూండి జలాశయం దగ్గర కొసస్థలైలో కలిసి, ఆ ఎన్నూరు దగ్గరే సముద్రంలో పడతాయి.

ఒక లోటు మాత్రం చెప్పుకోవాల. పాడింది ఎన్నూరు మనిషి కాదు. ఆ పక్కన నంజమ్మను పెట్టి చూడండి. అట్టపాడి ఇరుళ ఆమె, తన భాషలో తన పాటే పాడి 68వ జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ గాయని అయింది. మనకు కావాల్సింది ఈ రెండో దోవ. తిరుమలలో అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద చెక్కినారు కాబట్టి ఆయన పోయిన నాలుగు వందల ఏండ్ల తర్వాత కూడా దొరికినాయి. మన అవ్వలకు రాగి ఎవరిచ్చినారు? ఫోను కెమెరానే మన రాగిరేకు అనుకోవాల.

ఇక గొడవ సంగతి. మనలో సగం మంది చెరువు కట్ట కింద గుడిసెల దగ్గరే తీద్దామన్నారు. పెద్దలు ఒప్పుకోలేదు. “ఇల్లు వీడియోలో పడితే రేపు ఆక్రమణ అని దాన్నే చూపిస్తారప్పా” అన్నారు. వట్టి భయం కాదది. 2011 జనవరిలో జగపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అదే తీర్పులో, ప్రభుత్వ నోటిఫికేషన్ కింద భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ఇచ్చి ఉంటే అట్లాంటివాటిని ప్రత్యేకంగా క్రమబద్ధం చేయొచ్చని కూడా ఉంది. మొదటి ముక్క అందరికీ తెలుసు, రెండో ముక్క మనోళ్ళకు ఎవరూ చదివి వినిపించలేదు.

ఇప్పటికి అనుకున్నది ఇది. పాట ముందే ఒక గదిలో రికార్డు చేసి, స్పీకరులో పెట్టి, అవ్వ ముఖం, చేతులు, నీళ్ళు మాత్రమే తీస్తాం. పేర్లలో మొదటి పేరు అవ్వది. ఇండ్లు తీయాలంటే ఆ ఇంటోళ్ళు ఒప్పుకోవాల. నాలుగిండ్లోళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం మళ్ళీ పోతున్నాం. మీ ఇంట్లో రెండు సెంట్లదైనా సరే పాత పట్టా కాగితం ఉంటే దగ్గర పెట్టుకోండి, చదవడం రాకపోతే మాకు చెప్పండి, వచ్చి చదివిపెడతాం.