గాలికి ఎదురీదిన లారీలు

ఒక లీటరు డీజిలు కాలితే గాలిలో ఎంత బొగ్గుపులుసు వాయువు చేరుతుంది? ఇది హైస్కూలు విద్యార్థి నల్లబల్లమీద చేయగల లెక్కే. లీటరు డీజిలు బరువు సుమారు 0.84 కిలోగ్రాము. అందులో నూటికి 86 పాళ్లు, అనగా 0.72 కిలోగ్రాము, కర్బనము. 12 పాళ్ల కర్బనము 32 పాళ్ల ఆమ్లజనితో కలిసి 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. కాబట్టి 0.72ను 44తో హెచ్చించి 12తో భాగిస్తే సుమారు 2.64 కిలోగ్రాములు వస్తుంది. కాల్చిన ఇంధనముకంటె వెలువడిన వాయువు మూడురెట్లు బరువు!

లారీ గొట్టమునుండి వచ్చే నల్లని మసిని వడపోతతో పట్టవచ్చును. మన దేశములో 2020 ఏప్రిల్ 1నుండి అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 నిబంధనలవలన కొత్త లారీలలో అటువంటి ఏర్పాట్లు వచ్చినవి. కాని కంటికి కనబడని బొగ్గుపులుసు వాయువు సంగతి వేరు. కర్బనము పూర్తిగా మండినప్పుడు పుట్టేదే ఆ వాయువు. దానిని మసి వడపోత ఆపజాలదు. డీజిలుతో నడిచే లారీలో దానిని తగ్గించవలెనంటే డీజిలునే తక్కువగా కాల్చవలెను. అందుచేత ఈ వాయువును తగ్గించిన చరిత్ర చాలవరకు ఇంధనమును పొదుపుచేసిన చరిత్రయే.

ఈ చరిత్రలో మొదటి మెట్టు ఇంజనుది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరములో రుడాల్ఫ్ డీజిల్ నిర్మించిన ఇంజనును పరీక్షించగా, ఇంధనములోని శక్తిలో నూటికి 26 పాళ్లు పనిగా మారినట్లు తేలినది. ఆనాటి ఆవిరియంత్రములలో పెక్కింటికి అందులో సగమైనను సాధ్యము కాలేదు. 1920వ దశకములో ఈ ఇంజను లారీలకెక్కినది. నేటి పెద్దలారీల ఇంజన్లలో ఈ దక్షత 40 పాళ్లు దాటినది.

అయితే ఇంత నేర్పుగా సంపాదించిన శక్తి ఎక్కడ ఖర్చవుతున్నది? కొంత చక్రములు దొర్లుటకు, కొంత ఎత్తులెక్కుటకు పోతుంది. వేగము హెచ్చినకొద్దీ ఎక్కువ భాగము గాలిని తోసుకొని పోవుటకే చెల్లిపోతుంది. వాయునిరోధము వేగము యొక్క వర్గమును అనుసరిస్తుంది. వేగము రెట్టింపయితే నిరోధము నాలుగురెట్లు అవుతుంది. గంటకు సుమారు 88 కిలోమీటర్ల వేగముతో పోయే ఆనాటి అమెరికా లారీ తన శక్తిలో దాదాపు సగము గాలికే అర్పించేది. లారీ మొత్తము పొడవుపై అక్కడి చట్టములు హద్దు విధించినవి. సరుకుపెట్టెకు చోటు మిగల్చుటకు డ్రైవరు గదిని ఇంజనుమీదనే కూర్చోబెట్టి, ముఖమును గోడవలె నిలువుగా కట్టేవారు. డీజిలు చౌకగా దొరికినంతకాలము ఈ నష్టమును లెక్కచేసినవారు తక్కువ.

1973లో ఈ స్థితి మారినది. కాలిఫోర్నియాలోని నాసా విమాన పరిశోధనకేంద్రములో ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన సైకిలుమీద పనికి వెళ్లేటప్పుడు ప్రక్కనుండి లారీ దాటితే మొదట గాలి ఆయనను ప్రక్కకు తోసేది. లారీ దాటిపోగానే దానివైపు లాగేది. విమానముల చుట్టూ గాలి నడకను చదివిన ఆ మనిషికి ఇది ఆలోచన పుట్టించినది. అదే సంవత్సరము అక్టోబరులో అరబ్బుదేశములు అమెరికాకు చమురు ఎగుమతి నిలిపివేయగా, చమురు పొదుపు దేశసమస్య అయినది.

సాల్ట్‌జ్‌మన్, ఆయన తోటివారు ఒక వ్యానుకు అల్యూమినియం రేకులు తొడిగి, అన్ని మూలలు నిక్కముగా ఉండేటట్లు చెప్పులపెట్టె ఆకారము కల్పించారు. దానిని వేగముగా నడిపి, గేరు తప్పించి, వేగము తగ్గుటకు పట్టిన కాలమును కొలిచారు. ద్రవ్యరాశి తెలుసును, వేగము తగ్గిన తీరు తెలుసును. న్యూటన్ రెండవ సూత్రమునుబట్టి నిరోధబలము తేలుతుంది. తరువాత ఒక్కొక్క అంచును గుండ్రముచేసి మళ్లీ కొలిచారు. అంచులన్నీ గుండ్రనయ్యేసరికి వాయునిరోధము సగానికిపైగా తగ్గినది! అందుకు పోగొట్టుకున్న లోపలి చోటు బహుస్వల్పము. నిక్కమైన అంచువద్ద గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. గుండ్రని అంచును అది అంటిపెట్టుకొని సాగిపోతుంది. రహస్యమంతా ఇదే.

పిమ్మట ఒక పెద్దలారీకి మూలలు గుండ్రముచేసి, గదిపై వాలుకప్పు అమర్చి, గదికి సరుకుపెట్టెకు మధ్యనున్న సందును మూసి పరీక్షించారు. దారిబత్తెము ఐదింట ఒక వంతు వరకు మిగలగలదని తెలిసినది. క్రమముగా తయారీదారులు ఈ ఆకారములను స్వీకరించారు. నేడు రహదారులపై కనబడే వాలుకప్పు లారీలు ఆ ప్రయోగములకు ఋణపడియున్నవి.

ఆ ప్రయోగములకు ప్రేరణ చమురు కరవే. వాతావరణము వేడెక్కుటను గురించిన ఆందోళనతో ప్రభుత్వములు లారీలకు కొలతలు విధించుట తరువాతి మాట. జపాను 2006లో, అమెరికా 2011లో, ఐరోపా సమాఖ్య 2019లో నిబంధనలు చేసినవి. భారత ప్రభుత్వము 2017లో 12 టన్నులు, ఆపై బరువుగల వాహనములకు ఇంధన ప్రమాణములు ప్రకటించినది. లారీలను గంటకు 40, 60 కిలోమీటర్ల నిలకడ వేగములవద్ద పరీక్షించుట అందులోని పద్ధతి.

ఈ వేగములను గమనించవలెను. 88 నుండి 44కు దిగితే వాయునిరోధము నాలుగవ వంతే. కాబట్టి మెల్లగా నడిచే లారీకి వాలుకప్పుకంటె టైర్లలో సరియైన గాలి, తగిన బరువు, తిరుగుప్రయాణములో సరుకు దొరకుట ఎక్కువ మేలు చేస్తవి. మరొక దేశములో ఫలించిన ఉపాయమును తెచ్చుకునేముందు మన లారీ ఏ వేగముతో, ఏ దారిలో నడుస్తున్నదో కొలుచుకోవలెను.

ఇప్పుడు విద్యుత్తుతో నడిచే లారీలు వస్తున్నవి. వాటికి పొగగొట్టమే లేదు. కాని గాలి వాటిని విడిచిపెట్టదు. ఆకారము మొరటుగా ఉంటే బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది. దానిని నింపే విద్యుత్తు బొగ్గునుండి వచ్చినదైతే, ఆ వాయువు లారీవద్ద కాక విద్యుత్కేంద్రమువద్ద పుట్టుతుంది. సైకిలుమీద పోతున్న ఇంజనీరును తోసిన గాలి నేటికీ అదే సూత్రమును పాటిస్తున్నది.