మంచే నీరైన చోట: దక్షిణధ్రువ యాత్రల్లో గుర్రాల నీటి సమస్య (1907–1912)

వ్యాససంగ్రహం:
దక్షిణధ్రువ యాత్రల్లో గుర్రాల వైఫల్యాన్ని చరిత్రకారులు సాధారణంగా చలి, మేత బరువు, కుక్కలతో పోలిక అనే మూడు కోణాల నుంచి చర్చించారు. గుర్రానికి నీరు అందించడమనే నాలుగో కోణాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. షాకిల్టన్, స్కాట్ యాత్రల వివరాలను ఆధారం చేసుకొని, గడ్డకట్టే చలిలో నీటి సమస్య నిజానికి ఇంధన సమస్య అని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: అంటార్కిటికా, స్కాట్, ఓట్స్, గుర్రాల పోషణ, మంచు, ఇంధనం.

1. ఉపోద్ఘాతం:
గుర్రం శరీర పరిమాణాన్ని, చేసే పనిని, తినే మేతను బట్టి రోజుకు సుమారు 20 నుంచి 40 లీటర్ల నీరు తాగుతుంది. పచ్చిక మేసే గుర్రానికి ఆ నీటిలో కొంత మేతలోనే లభిస్తుంది. ఎండుగడ్డి, ధాన్యం తినే గుర్రం ఆ నీటిని వేరుగా తాగక తప్పదు. తగినంత తాగకపోతే మేత పేగుల్లో గట్టిపడి అడ్డుపడుతుంది, ప్రాణాంతకమైన కడుపునొప్పి వస్తుంది. వేసవి కంటే శీతాకాలంలోనే ఈ ప్రమాదం అధికం. నీరు చల్లబడేకొద్దీ గుర్రం తక్కువ తాగడమే ఇందుకు ముఖ్యకారణం. శీతాకాలంలో నీటిని కాస్త వేడిచేసి ఇస్తే గుర్రాలు ఎక్కువ తాగుతాయని 1994లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశోధన నిర్ధారించింది. అయితే ఆ పరిశోధనకు ఎనిమిది దశాబ్దాలకు ముందే, ద్రవరూపంలో నీరు అరుదుగా దొరికే ఖండానికి గుర్రాలను తీసుకువెళ్ళారు.

2. షాకిల్టన్ యాత్ర – ఉప్పు కొరత:
ఎర్నెస్ట్ షాకిల్టన్ 1907–09 యాత్రలో ఎనిమిది మంచూరియా పొట్టి గుర్రాలు రాయిడ్స్ అగ్రం వద్ద ఒడ్డుకు చేరాయి. చలికాలం ముదరకముందే వాటిలో నాలుగు మరణించాయి. చనిపోయిన గుర్రం కడుపు కోసి చూడగా అగ్నిపర్వత ఇసుక బయటపడింది. సముద్రపు తుంపరలతో ఆ ఇసుకకు ఉప్పదనం పట్టింది. దాణాలో ఉప్పు కొరవడిన గుర్రాలు దానికోసం ఇసుకను తిన్నాయి. ఈ సంఘటనను కేవలం విచిత్ర ప్రమాదంగా చూడటం సరికాదు. దాహాన్ని ప్రేరేపించేది ఉప్పే. ఉప్పు తక్కువైన గుర్రం నీరున్నా తగినంత తాగదు. నేటికీ చలిప్రాంతాల్లో గుర్రాలు ఎక్కువ నీరు తాగేందుకు దాణాలో ఉప్పు కలపడం ఈ సూత్రం ఆధారంగానే జరుగుతోంది.

3. స్కాట్ యాత్ర – ఓట్స్ దాణా పద్ధతి:
రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ 1910లో 19 గుర్రాలతో బయలుదేరాడు. వాటి బాధ్యత భారతదేశంలోనూ పనిచేసిన అశ్వికదళ అధికారి లారెన్స్ ఓట్స్‌ది. ఎవాన్స్ అగ్రం వద్ద గుడిసె పక్కన కట్టిన గుర్రపుశాలలో సీల్ కొవ్వుతో మండే పొయ్యి ఉండేది. 1911 చలికాలపు దాణా క్రమాన్ని స్కాట్ దినచర్యలో నమోదు చేశాడు. ఉదయం తరిగిన గడ్డి. మధ్యాహ్నం నడక ముగిశాక మంచు, ఆపై తరిగిన గడ్డి, రోజు విడిచి రోజు ఓట్ ధాన్యం లేదా తెలగపిండి. సాయంత్రం మళ్ళీ మంచు, ఆపై వేడి తవుడు కుడితి లేదా ఉడికించిన ధాన్యం, చివరగా కొద్దిగా ఎండుగడ్డి.

ఈ క్రమంలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, మంచు ఇక్కడ దాణాలో ఒక భాగంగా, నీటి స్థానంలో లెక్కకు వచ్చింది. రెండోది, రెండు పూటలా మంచు ధాన్యానికి ముందే ఉంది. ముందు నీరు, తరువాత మేత అనేది బ్రిటిష్ అశ్వికదళాల పాత నియమం. ఓట్స్ ఆ నియమాన్నే నీరు లేని చోట మంచుతో పాటించాడని భావించవచ్చు. తవుడు కుడితి కూడా మేత రూపంలో వెచ్చని నీటిని కడుపులోకి చేర్చే ఉపాయమే.

4. మంచు తినడానికి చెల్లించే మూల్యం:
మంచు తిని బతకడం గుర్రానికి అసాధ్యం కాదు. యాకూతియా, మంగోలియా గుర్రాలు చలికాలమంతా మంచును గిట్టలతో తవ్వి, కింది గడ్డితో పాటు దానినీ తింటాయి. కానీ అవి రోజంతా కొద్దికొద్దిగా తింటాయి, బండ్లు లాగవు. సున్నాకు 20 డిగ్రీల కింద ఉన్న ఒక కిలో మంచును శరీర ఉష్ణోగ్రతకు తేవడానికి సుమారు 128 కిలోకేలరీలు కావాలి. ఈ లెక్కన 20 కిలోల మంచుకు 2,500 కిలోకేలరీలకు పైగా ఖర్చవుతాయి. బరువు లాగే గుర్రం ఆ శక్తిని మేత నుంచే తెచ్చుకోవాలి. మేత బరువు తగ్గించడమే యాత్రికుల ప్రధాన చింత అయినప్పుడు ఇది చిన్న లోటు కాదు.

ప్రత్యామ్నాయం మంచును కరిగించి ఇవ్వడం. పొయ్యి వేడిలో సగం వృథా అవుతుందనుకుంటే, 20 లీటర్ల నీటికి సుమారు అర లీటరు కిరోసిన్ కావాలి. 1911 నవంబరు 1న దక్షిణానికి కదిలిన పది గుర్రాలకు ఇది రోజుకు దాదాపు ఐదు లీటర్లు. ఆ కిరోసిన్‌ను మోయవలసిందీ గుర్రాలే. గుర్రపుశాలలో సీల్ కొవ్వు తీర్చిన అవసరాన్ని మంచుమైదానంలో తీర్చే మార్గం లేదు.

5. పర్యవసానం:
1911 ఫిబ్రవరి 17న, గుర్రాలు నీరసించడంతో స్కాట్ ముఖ్యమైన ఆహార నిల్వను అనుకున్న 80 డిగ్రీల అక్షాంశానికి చేర్చలేక, 79 డిగ్రీల 29 నిమిషాల వద్దే ఉంచాడు. ముందుకు వెళ్ళమన్న ఓట్స్ సలహాను అంగీకరించలేదు. మరుసటి ఏడాది మార్చిలో స్కాట్, విల్సన్, బవర్స్ ఆ నిల్వకు కేవలం 11 మైళ్ళ దూరంలో మరణించారు. ఓట్స్ అంతకు కొద్దిరోజుల ముందే గుడారం విడిచి వెళ్ళాడు. గుర్రాల నీరసానికి మంచుతుఫాను, వయసు, చెమట గడ్డకట్టే చర్మం వంటి కారణాలెన్నో ఉన్నాయి. నీటి లోటునే ఏకైక కారణంగా చూపడం చరిత్రకు న్యాయం కాదు. కానీ దానిని లెక్కలోకి తీసుకోకపోవడమూ న్యాయం కాదు.

ఓట్స్ సూచనపై భారత ప్రభుత్వం ఇచ్చిన ఏడు హిమాలయ కంచరగాడిదలు 1912లో గాలింపు బృందంతో నడిచాయి. లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణీ వంటి పేర్లున్న ఈ జంతువులు తమ దాణాను కాదని తేయాకు పిప్పి, తాళ్ళు నమిలాయి. లెక్కకు సరిపోయిన దాణా జంతువుకు నచ్చకపోవచ్చని దీనివల్ల తెలుస్తుంది.

6. ముగింపు:
గడ్డకట్టే చలిలో గుర్రానికి నీరు తాగించడం మూడు విషయాలపై ఆధారపడుతుంది: నీటికి వెచ్చదనం, దాహానికి ఉప్పు, మేతకు తడి. గుర్రపుశాలలో ఓట్స్ వీటిలో మొదటిదాన్నీ మూడోదాన్నీ కొంతవరకు సాధించాడు. ప్రయాణంలో వాటిని కొనసాగించడానికి ఇంధనం చాలలేదు. ధ్రువయాత్రల రవాణా చరిత్రను రాసేటప్పుడు మేత బరువుతో పాటు నీటికి కావలసిన వేడిని కూడా లెక్కించినప్పుడే గుర్రాల వైఫల్యానికి సమగ్రమైన వివరణ లభిస్తుంది.